పాఠంలో లేని కులం

శ్రామిక మార్కెట్ ఎందుకు విఫలమవుతుందంటే అర్థశాస్త్ర పాఠం మామూలుగా మూడు లోపాలు చెబుతుంది: నైపుణ్యం లేదు, సమాచారం అందదు, కూలీ చోటూ పనీ మారడు. కులం ఊసుండదు. వృత్తి మారనివ్వని కులమే చాలా నిరుద్యోగానికి నేరు కారణమని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించారు. ఆ వాదన పట్టుకుని ఈ పాఠాన్ని మళ్లీ చదవాలంటున్నాం మేం.

ధర్మవరంలో పట్టుమగ్గం ఇంట్లోనే ఆడుతుంది. పని నేర్పే బడి ఆ ఇల్లే. ఆ గడప బయట పుట్టిన మాల, మాదిగ పిల్లలకు ఆ నైపుణ్యం ఎట్లా వస్తుంది? మరమగ్గాల పోటీకి మగ్గం ఆగితే నేతగాడైనా ఏ పనికి మారగలడు?

సమాచారం సంగతీ అంతే. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, చదువు సమానమే అయినా దళిత పేరున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువొచ్చాయి. యజమానికి సమాచారం లేక కాదు, పేరే సమాచారమైంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఉత్పత్తి 2019లో మొదలైంది. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని రాష్ట్రం చట్టం చేసిందీ ఆ ఏడే. మంచిదే. కానీ అది చూసే స్థానికతలో రాష్ట్రం ఉంది, జిల్లా ఉంది, వాడ లేదు. హిందూపురం పారిశ్రామికవాడను చూసినా మా ప్రశ్న ఒకటే: పని ఎందరికి అని మాత్రమే కాదు, ఏ వాడవాళ్లకి? ఈ లెక్క అడగని నిరుద్యోగ సిద్ధాంతం సగం సిద్ధాంతమే.