తగు చర్యలు అంటే ఏ చర్యలు?

అర్జీ రాయించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాళ్లు కష్టం బాగానే చెబుతారు. కాలవ పూడిపోయింది, శివారు పొలాలకు నీళ్లు అందడం లేదు, చేను ఎండుతోంది. అంతా నిజమే. ‘మరి ఏం చేయమని అడుగుదాం?’ అంటే మాత్రం, ‘తగు చర్యలు తీసుకోమని రాయండి’ అంటారు. ఆ ముక్కతో అర్జీ బలం పోతుంది. ఏం కావాలో మనం చెప్పకపోతే, పైవాళ్లు ఏం చేసినా సరిపోతుంది, చేయకపోయినా సరిపోతుంది.

అప్పుడు నాకు ఇంజనీరు ఆర్థర్ కాటన్ గుర్తొస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు, దానికి కాగితం మీద ప్రభుత్వాన్ని ఒప్పించిన కాటన్. 1832-33 నాటి డొక్కల కరువు దెబ్బ నుంచి గోదావరి ప్రాంతం అప్పటికింకా తేరుకోలేదు. పక్కనే గోదావరి సముద్రంలోకి పోతోంది. 1844, 1845ల్లో ఆయన నివేదికలు రాశాడు. చదివేది ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం, దాని చూపు శిస్తు మీద. అందుకే జనం దుస్థితితోపాటు ఖజానాకు పడుతున్న గండినీ చూపించాడు. నీటి వసతితో కళకళలాడుతున్న కావేరి డెల్టాలోని తంజావూరును పక్కన పెట్టి చూపించి, ఇదీ డెల్టాయే కదా అన్నాడు.

అడుగున ఇసుక ఉన్న నదిలో అంత పొడవు కట్టడం నిలుస్తుందా అన్న అనుమానానికి జవాబు కావేరి మీదే ఉంది. చోళుల కల్లణై ఆనకట్ట శతాబ్దాలుగా ఇసుక మీదే నిలిచింది. దాన్ని చూసి నేర్చుకుని కావేరి పాయ కొల్లిడం మీద కాటన్ కట్టిన ఆనకట్టలూ నిలిచాయి. 1847లో గోదావరి మీద పని మొదలైంది, 1852కి పూర్తయింది.

మన కాలవ అర్జీకీ ఇదే దారి. పూడిక ఏ తూము నుంచి ఏ తూము దాకా ఉంది? దాని కింద ఎన్ని ఎకరాలు? తీయడానికి ఎంతవుతుంది, ఏ పద్దులోంచి ఇవ్వొచ్చు? వేసవిలో కాలవలు కట్టేసినప్పుడే పని జరగాలి కాబట్టి ఎప్పటిలోగా మంజూరు కావాలి? పూడిక తీశాక పక్క ఊళ్లో నీళ్లు చివరి చేను దాకా వచ్చాయా? గట్టు ఆక్రమించింది మనవాళ్లే అయితే, ఖాళీ చేస్తామని వాళ్ల సంతకాలూ జతచేయాలి. ఆ ఆక్రమణ సంగతేమిటన్నదే అధికారి అడగబోయే ప్రశ్న.

ఇదంతా పోగుచేయడానికి ఊరంతా కదలాలి. అలా రాసిన అర్జీ మంజూరవుతుందని నేను హామీ ఇవ్వలేను. కానీ దాన్ని కాదనేవాళ్లు ఎందుకు కాదో కూడా రాయాల్సి వస్తుంది.