కూడిక కుదిరేదాకా

2020 మార్చి 17న కోల్‌కతాలో తొలి కోవిడ్ కేసు తేలింది. ఇక రోజూ రాష్ట్ర ఆరోగ్యశాఖ బులెటిన్. కోల్‌కతా, హౌరా, ఉత్తర 24 పరగణాలు... ఇలా జిల్లాల వరసలు. వాటిని దించి అందరికీ కనబడేలా పెట్టిన కోవిడ్19ఇండియా వెబ్‌సైట్ వాలంటీర్లంటే నాకు ఎంతో గౌరవం. జీతం లేదు, పేరూ లేదు.

పని వినడానికి తేలికే. నిన్న చికిత్సలో ఉన్నవారికి కొత్త కేసులు కలిపి, కోలుకున్నవారినీ పోయినవారినీ తీసేస్తే ఇవాళ్టి అంకె రావాలి. రాకుంటే తప్పు ఎక్కడో వెతకాలి: దించడంలోనా, బులెటిన్‌లోనేనా?

మరణాల వరస మరీ కష్టం. ఏప్రిల్ 24న రాష్ట్ర ప్రభుత్వం 57 మరణాల్లో 18 మాత్రమే నేరుగా కోవిడ్ వల్ల అనీ, మిగిలిన 39 ఇతర జబ్బుల వల్ల అనీ చెప్పింది. ఏది రాయాలి? నన్నడిగితే రెండూ రాయాలి, పక్కపక్కనే. ఆ 39 వెనుకా ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో ఏడ్చినవాళ్లున్నారు.

2021 అక్టోబరు 31తో ఆ వాలంటీర్లు నమోదు ఆపేశారు. అప్పటిదాకా కూర్చిన అంకెలను మాత్రం ఎవరైనా వాడుకునేలా వదిలివెళ్లారు.