పద్యం మన కళ్లముందే పుట్టే సాయంత్రం

ఉగాదికో, శ్రీరామనవమికో, దసరా నవరాత్రుల్లోనో చిన్న పట్టణంలో సాహితీ సభ పెడతారు. పొద్దున పిల్లలకు పద్యరచన శిబిరం, మధ్యాహ్నం కవి సమ్మేళనం, సాయంత్రం అష్టావధానం. ఊరికి బాగా గుర్తుండిపోయేది ఆ సాయంత్రమే. వేదిక మధ్యలో అవధాని, చుట్టూ ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు. వాళ్లలో రిటైరైన తెలుగు మాస్టారు ఉంటారు, ప్లీడరు గారు ఉంటారు, బ్యాంకు గుమాస్తా ఉంటాడు. వాళ్లంతా ఊరివాళ్లే. పై ఊరి నుంచి వచ్చినవాడు అవధాని ఒక్కడే. ఊరంతా కలిసి అతణ్ణి రెండు మూడు గంటల పాటు పరీక్షిస్తుంది.

అవధానమంటే జ్ఞాపకశక్తి ప్రదర్శన అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పృచ్ఛకుడిగా రెండుసార్లు అవధాని ఎదుట కూర్చున్నాక ఆ అభిప్రాయం పోయింది. జ్ఞాపకం అందులో ఒక పాలు మాత్రమే. మిగిలినదంతా పద్యం కట్టే పనితనం. కవి ఇంట్లో కూర్చుని కొట్టివేతలతో, దిద్దుబాట్లతో చేసే పనిని అవధాని నలుగురి ముందు, కాగితం కలం లేకుండా చేస్తాడు. పద్యం ఎలా తయారవుతుందో జనం చూడగలిగే సభ మనకు ఇదొక్కటే.

ఎనిమిది అంశాలు ఏవన్నది సభను బట్టి, అవధానిని బట్టి కొంత మారుతుంది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అనే నాలుగూ దాదాపు ప్రతి సభలోనూ ఉంటాయి. వీటికి తోడు ఆశువు, పురాణ పఠనం, అప్రస్తుత ప్రసంగం, గంటలు లెక్కపెట్టడం లాంటివి చేరతాయి. నాలుగు ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో అవధాని ఒక్కో పద్యానికి ఒక్కో పాదమే చెప్పి తరువాతి పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు. అన్నీ ముగిశాక ఆ నాలుగు పద్యాలనూ మొదటినుంచి వరసగా అప్పజెబుతాడు. దాన్నే ధారణ అంటారు.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది నిషిద్ధాక్షరి. దీనికి సాధారణంగా కందపద్యం తీసుకుంటారు. అవధాని ‘శ్రీ’ అంటాడు. తరువాత ‘రామ’ అంటాడని పృచ్ఛకుడు ఊహించి ‘ర’ వద్దంటాడు. అవధాని ‘జా’ అని ‘జానకి’ వైపు మళ్లుతాడు. పృచ్ఛకుడు వెంటనే ‘న’ వద్దంటాడు. ఇలా అక్షరం అక్షరానికీ ఒకడు దారి మూస్తుంటే ఇంకొకడు పక్కదారి వెతుక్కుంటాడు. ఇక్కడ సభలో చాలామంది గమనించని సూక్ష్మం ఒకటుంది. కందంలో ప్రాస తప్పనిసరి. మొదటి పాదంలో రెండో అక్షరం ఏ హల్లు అయితే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం అదే హల్లు కావాలి. అంటే ‘ర’ వద్దన్న ఆ క్షణంలోనే పృచ్ఛకుడు పద్యం మొత్తానికీ ప్రాస మార్చేశాడు. పైగా కందానికి బేసి గణాల్లో జగణం రాకూడదు, ఆరో గణం జగణమో నలమో కావాలి, రెండు నాలుగు పాదాల చివర గురువుండాలి. ఇన్ని నియమాల మధ్య అవధాని బుర్రలో ఒక్క పద్యం కాదు, పది పద్యాల మొలకలు ఒకేసారి లేస్తుంటాయి. ఒకటి తెగితే ఇంకొకటి అందుకుంటాడు. పదసంపద అంటే ఏమిటో నిఘంటువు చూస్తే తెలియదు, నిషిద్ధాక్షరి చూస్తే తెలుస్తుంది.

సమస్య తీరు వేరు. పృచ్ఛకుడు అర్థం పొసగని పాదం ఒకటి ఇస్తాడు. దాని ముందు మిగతా పాదాలు చేర్చి అది సబబుగా వినిపించేలా చేయాలి. పద్యరచన శిబిరంలో పిల్లలకు చెప్పడానికి నేనే కట్టుకున్న తేటగీతి పాదం ఒకటి ఇది:

సీత రావణు నెదిరించి చీల్చె నపుడు

వినగానే పిల్లలు రావణుణ్ణి చంపింది రాముడు కదా అంటారు. రామాయణం తెలిసినవాడికి దారి అక్కడే దొరుకుతుంది. లంక నుంచి పుష్పకంలో తిరిగి వస్తూ రాముడు సీతకు యుద్ధభూమి చూపిస్తాడు. ఆ సందర్భం పట్టుకుని ముందు పాదం ఇలా చేర్చాను:

ఇచటనే గాదె నా బాణ మెగసి పోయి
సీత! రావణు నెదిరించి చీల్చె నపుడు

ఒక్క అక్షరం మారలేదు. కర్తగా నిలబడ్డ సీత సంబోధన అయింది, అంతే. ఇది తేలిక సమస్య. గట్టి పృచ్ఛకుడు ఇచ్చేవాటికి పదం విరిచి చూడాలి, లేదా పై పాదం చివరి అక్షరాన్ని కింది పాదానికి అతికించి కొత్త మాట పుట్టించాలి, లేదా ప్రశ్నలూ జవాబులూ వరసగా పేర్చే క్రమాలంకారం వాడాలి. ఆకాశవాణి సమస్యాపూరణం కార్యక్రమానికి పూరణలు పంపిన ఇళ్లు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఈ కిటుకులు పిల్లలకు కూడా తెలుసు.

దత్తపదిలో నాలుగు మాటలిచ్చి వాటికి సంబంధం లేని విషయం మీద పద్యం చెప్పమంటారు. పూరి, వడ, దోస, గారె ఇచ్చి పంచవటిని వర్ణించమన్నారనుకోండి. పూరి పూరిల్లవుతుంది, వడ వడగాలిలో కలుస్తుంది, దోస దోసములో దాగుతుంది. గారె దగ్గర కాస్త ఆలోచించాలి. బంగారు లేడి వచ్చిన చోటే కాబట్టి ‘బంగారెల్ల’ అంటే అదీ కుదురుతుంది. సభ నవ్వుతుంది, చప్పట్లు కొడుతుంది. సంధి, పదవిభాగం అంటూ బడిలో విసుగుపుట్టించిన వ్యాకరణం ఇక్కడ వేడుకవుతుంది.

ఇక అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆ పృచ్ఛకుడి పని. ఎన్నికల గురించి అడుగుతాడు, ఆవకాయ గురించి అడుగుతాడు. అవధాని వెంటనే చమత్కారంగా జవాబివ్వాలి, మళ్లీ విడిచిన పాదం దగ్గరికే రావాలి. దీన్ని వట్టి కాలక్షేపమని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. మంచి ప్రసంగీకుడు లేని అవధానం ఉప్పులేని పప్పులా చప్పగా సాగుతుంది.

ఇన్ని పద్యాలు ఎలా గుర్తుంటాయన్న ప్రశ్నకు జవాబు ఛందస్సులోనే ఉంది. యతి, ప్రాసలు చెవికి అలంకారాలు మాత్రమే కాదు, జ్ఞాపకానికి కొక్కేలు కూడా. ప్రాస గుర్తుంటే ప్రతి పాదంలో రెండో అక్షరం దొరికినట్టే. పాదం మొదటి అక్షరం గుర్తుంటే యతిస్థానంలో ఏ జాతి అక్షరం ఉండాలో తెలిసినట్టే. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. నాలుగు పాదాలనూ ఈ మేకులు పట్టి ఉంచుతాయి. వచనంలో చెప్పిన నాలుగు వాక్యాలను రెండు గంటల తరువాత పొల్లుపోకుండా అప్పజెప్పడం ఇంతకంటే కష్టం.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. రామరాజభూషణుడు తన శతలేఖినీ అవధాన ప్రజ్ఞను గర్వంగా చెప్పుకున్నాడు. అయితే దీన్ని ఊరూరికీ తీసుకెళ్లినవారు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) జంటగా సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు. కొప్పరపు సోదర కవులతో వాళ్లకు నడిచిన స్పర్ధ ఆ రోజుల్లో జనమంతా మాట్లాడుకున్న సంగతి. నాకు మాత్రం ఆ విజయాలకంటే బందరు బడిలో చెళ్లపిళ్ల వారు తెలుగు పంతులుగా ఉన్న కాలమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులు. చిన్న పట్టణంలో పద్యం చెప్పగల ఒక్క మాస్టారు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కడప జిల్లా ప్రొద్దుటూరు సంగతీ ఇలాంటిదే. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి.సుబ్బన్న శతావధాని ఆ ఊరి పేరును అవధాన చరిత్రలో నిలిపారు. ఇటీవలి కాలంలో మేడసాని మోహన్, మాడుగుల నాగఫణిశర్మ, గరికిపాటి నరసింహారావు లాంటివారు వంద మంది పృచ్ఛకుల శతావధానం దాటి వెయ్యి మంది పృచ్ఛకుల సహస్రావధానం దాకా వెళ్లారు.

అవధాన పద్యాల్లో కవిత్వం ఎంత ఉంటుందన్న విమర్శ పాతదే. నిజం ఒప్పుకోవాలి: వాటిలో ఎక్కువ పద్యాలు మరునాటికి నిలవవు. చెప్పిన పద్యం చిక్కుముడి విప్పిందే తప్ప మనసును తాకలేదని నాకూ చాలాసార్లు అనిపించింది. వర్ణన అంశంలో మాత్రం అప్పుడప్పుడు నిజమైన కవి తొంగిచూస్తాడు. నిషేధాలూ షరతులూ లేని ఆ ఒక్క చోట అవధానికి కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుంది. వచన కవిత రాసే మిత్రులకు నేను చెప్పేది ఒకటే: ఆ పద్యాలను పుస్తకంలో చదివి తూకం వేయకండి. అవి పుట్టేటప్పుడు వచ్చి చూడండి.

ఇదంతా నేర్చుకోగలిగిన విద్యే. శిబిరంలో నేను ఆటవెలదితో మొదలుపెడతాను. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఒక పాదం. అయిదు సూర్యగణాలు ఇంకొక పాదం. బల్ల మీద చేత్తో తాళం వేస్తూ చెప్పిస్తాను:

పల్లె చిన్నదైన పాటకు కరువేది
మాట నేర్చినపుడు మనసు పాడు

‘ప’కు ‘పా’, ‘మా’కు ‘మ’ యతి కుదిరాయని పిల్లలు తామే కనిపెడతారు. మిగిలిన రెండు పాదాలు ఇంటి దగ్గర రాసుకురమ్మంటాను. ఏడో తరగతి పిల్లలు కూడా రాసుకొస్తారు. గణం తప్పిన చోట వాళ్ల చెవే ముందు తట్టుకుంటుంది. ఒకటి రెండేళ్లు ఇలా సాగితే వాళ్లలో కొందరు పృచ్ఛకులవుతారు. అవధానులు కొందరే అవుతారు, కానీ మంచి పృచ్ఛకులు లేకుండా మంచి అవధాని నిలవడు. పేలవమైన సమస్య ఇస్తే పేలవమైన పూరణే వస్తుంది. అందుకే ఊళ్లో సభ పెట్టేవారు అవధాని రాకపోకల ఖర్చు ఎంతో చూసుకున్నంత శ్రద్ధ పృచ్ఛకులను తయారుచేయడం మీద కూడా చూపాలి.

మీ ఊళ్లో ఈసారి అవధానం జరిగితే బడి పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. వాళ్ల చేతికో కాగితం, పెన్సిలు ఇవ్వండి. సమస్య ఇచ్చే పృచ్ఛకుల్లో ఒకరిగా ఆ పిల్లల్లోంచే ఒకరిని వేదిక ఎక్కించండి.