కనడమంటే చూడటం కూడా

మా అవ్వ ఏడుగుర్ని కన్నది. జమ్మలమడుగుకు కొద్ది మైళ్ల దూరంలో, పెన్న ఒడ్డు పల్లెలో, నాపరాళ్లు పరిచిన ఇంట్లో, దూలానికి వేసిన తాడు పట్టుకుని గొంతుకూర్చుని కన్నది. నా కాన్పు ఎట్లా జరిగిందో చెప్పినప్పుడు ఆమె కాసేపు నమ్మలేదు. "పండుకోని కంటే బిడ్డ ఎగబాకల్ల గదమ్మీ?" అన్నది. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు ఆ ఒక్క వాక్యానికి జవాబు దొరకలేదు. ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

నా కాన్పు దూరంగా ఒక పట్నంలో, పేరు చెప్పనవసరం లేని ఒక ఆసుపత్రిలో జరిగింది. నొప్పులు మొదలయ్యాక లేచి నడుస్తానంటే వద్దన్నారు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ పైకెత్తి కట్టారు. "ముక్కు, ముక్కు" అన్న కేకల మధ్య కత్తెర చప్పుడు విన్నాను. కోస్తున్నామని ఎవరూ చెప్పలేదు, కొయ్యవచ్చా అని ఎవరూ అడగలేదు. రెండు నెలలు సరిగ్గా కూర్చోలేకపోయాను. కేసు షీటులో మాత్రం 'నార్మల్ డెలివరీ' అని ఉంది. కథలో ఒక్క విశేషణం ఎంత దాచిపెడుతుందో విద్యార్థులకు పాఠం చెప్పే నేను, నా మీద రాసిన ఆ విశేషణాన్ని చాలా రోజులు ప్రశ్నించలేదు.

ముందు మన మాటల్ని చూద్దాం. తెలుగులో కాన్పుకు చాలా క్రియలున్నాయి. 'నీళ్లాడింది' అంటే ఆడింది ఆమే. 'పురుడు పోసుకుంది' అన్నా పని ఆమెదే. 'కన్నది' అన్నప్పుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు. కను అనే ధాతువుకు చూడటమనీ, బిడ్డను కనడమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఆసుపత్రి తెలుగులో ఇవన్నీ తలకిందులయ్యాయి. 'డాక్టరు కాన్పు చేసింది', 'డెలివరీ అయింది'. మొదటి వాక్యంలో కర్త డాక్టరు. రెండో వాక్యంలో కర్తే లేదు. వెల్లకిలా పడుకున్న మనిషికి కనిపించేది పైకప్పు లైటు మాత్రమే. తన శరీరంలో ఏం జరుగుతున్నదో ఆ గదిలో అందరికీ కనిపిస్తుంది, ఆమెకు తప్ప. కనే మనిషికి చూపు లేకుండా చేసిన భంగిమ అది.

ఈ భంగిమకు వైద్యంలో లిథాటమీ అని పేరు. మూత్రాశయంలో రాళ్లు తీసే శస్త్రచికిత్స నుంచి వచ్చిన పేరు అది. అంటే కాన్పు బల్లకు పేరు పెట్టింది కాన్పు కాదు, రాయి తీసే కోత. ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా మోరిసో 1668లో అచ్చయిన తన ప్రసూతి గ్రంథంలో పడక మీద కాన్పును సిఫారసు చేశాడు. పట్టకార్లు వాడే చేతికి ఆ ఎత్తూ ఆ వెలుతురూ అనువుగా ఉన్నాయి. ఎవరికి అనువు అన్న ప్రశ్న వేస్తే చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

మన సాహిత్యం ఈ గదిలోకి వెళ్లలేదని అనలేం. 1980ల స్త్రీవాద కవిత్వంలో కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత ఆ తలుపు తెరిచింది. మాతృత్వాన్ని పూజాగదిలో పెట్టే సంప్రదాయానికి ఎదురుగా నిలిచిన నొప్పి కవితగా మనం దాన్ని చదివాం. సరైన చదువే అది. కానీ ఆ శీర్షికను మళ్లీ చూడండి. అది తల్లి పేరు కాదు, బిడ్డ పేరు కాదు, ఒక గది పేరు. నొప్పి ఎంత ప్రకృతిదో, ఎంత ఆ గదిదో విడదీసి చూడమని శీర్షికే అడుగుతున్నట్టు ఇప్పుడు నాకనిపిస్తుంది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చేనాటికి చర్చ ఎక్కువగా స్త్రీ తన శరీరం గురించి రాయవచ్చా అన్న దగ్గరే తిరిగింది. ఆ శరీరాన్ని ఎవరు ఎట్లా పడుకోబెట్టారన్నది విమర్శ విషయం కాలేదు. 'మనకు తెలియని మన చరిత్ర'లో అడవిలో బిడ్డను కని వదులుకోవలసి వచ్చిన కమలమ్మను చదివినప్పుడూ మనం త్యాగాన్నే చూశాం. కాన్పును చూడలేదు.

మా సీమ కథల సంగతీ అంతే. కరువు రాశాం, ఫ్యాక్షన్ రాశాం, పెన్నలో ఇసుక రాశాం. నేను చదివినంతలో ఆ కథల్లో కాన్పు తరచూ తలుపు అవతలి కేకగానే వినిపిస్తుంది. మొగుడు వాకిట్లో బీడీ కాలుస్తుంటాడు, లోపలినుంచి ఏడుపు వినిపిస్తుంది, పేరా అయిపోతుంది.

లోపల ఉన్న మనిషిని గుర్తుపెట్టుకున్నది సామెత ఒక్కటే. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటుంది. నవ్వుతూ చెప్పుకునే ఈ సామెతలో రెండు సంగతులున్నాయి. బిడ్డ తల కిందికి దిగేటప్పుడు పురీషనాళం మీద ఒత్తిడి పడి మలం రావడం సహజమని మంత్రసానికి తెలుసు. దాన్ని ఎత్తిపోసే పని ఏ కులాల ఆడవాళ్లకు వదిలేశామో మనకు తెలుసు. ఆమె చేతిలోని తెలివిని సామెతలో దాచుకుని, ఆ చేతిని మాత్రం అంటరానిదిగా ఉంచాం. అవ్వ తాడు గురించి రాసేటప్పుడు, ఆ ముందు కూర్చుని బిడ్డను పట్టిన మనిషిని మరిచిపోతే నా విమర్శ కూడా సగమే అవుతుంది.

ఇంతకీ అవ్వ మాట నిజమేనా? వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది, బిడ్డకు రక్తం తగ్గవచ్చు. నిలువుగా ఉంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది, భూమి ఆకర్షణ తోడవుతుంది, తుంటి ఎముకల దారి కొంత తెరుచుకుంటుంది. ఎపిడ్యూరల్ లేని తల్లుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. మొత్తం సుమారు 9 వేల మంది. బిడ్డ బయటికొచ్చే దశలో నిలువు భంగిమల్లో పట్టకార్ల వాడకం తగ్గింది, కత్తెర కోతలు తగ్గాయి, బిడ్డ గుండె లయలో తేడాలూ తగ్గాయి. మలద్వారం కండరం దాకా పోయే పెద్ద చీలికల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. రెండో స్థాయి చీలికలు కొంచెం ఎక్కువ కావచ్చు, అర లీటరుకు మించిన రక్తస్రావమూ ఎక్కువ కావచ్చు అని కూడా ఆ సమీక్ష చెప్పింది.

ఈ చివరి మాటను మనం దాటెయ్యకూడదు. మా చిన్నవ్వ ఇంట్లోనే కని, మాయ పడక, రక్తం ఆగక, ఎద్దుల బండి జమ్మలమడుగు చేరేలోపు పోయింది. ఆ ఊళ్లో లండన్ మిషన్ వాళ్ల క్యాంప్‌బెల్ ఆసుపత్రి అప్పటికే ఉంది. దారే లేదు. రక్తహీనత ఇంతగా ఉన్న మన స్త్రీలకు అర లీటరు చిన్న లెక్క కాదు. నమూనా సర్వేల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయారు. 2018-20 నాటికి, విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. కాబట్టి నేను తాడు దగ్గరికి తిరిగి వెళదామనడం లేదు. ఆసుపత్రిలోకి తాడును ఎందుకు రానివ్వరని అడుగుతున్నాను.

పైగా నిలువుగా ఉండటమే అందరికీ మేలని చెప్పినా మరో ఆజ్ఞ అవుతుంది. ఎపిడ్యూరల్ తీసుకున్న మొదటి కాన్పు తల్లుల మీద బ్రిటన్‌లో జరిగి 2017లో అచ్చయిన పరిశోధనలో, పక్కకు తిరిగి పడుకున్నవాళ్లలో 41.1 శాతం పరికరాల సాయం లేకుండా కన్నారు. నిలువుగా ఉన్నవాళ్లలో 35.2 శాతమే. ఒక భంగిమ అందరికీ సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసులు ఈ మాటే అంటాయి. తల్లి ఎంచుకున్న భంగిమను ప్రోత్సహించాలి, కోత మామూలు అలవాటు కాకూడదు, కడుపు మీద నొక్కి బిడ్డను తొయ్యకూడదు. చీలికలు తగ్గడానికి వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టవచ్చనీ అవి చెబుతాయి. గుడ్డ కాపడం మా అవ్వకు కొత్త కాదు.

సిఫారసు ఒకటి, బల్ల ఒకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. సిజేరియన్లు 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. బల్ల మీద వెల్లకిలా పడుకోవడమే 'నార్మల్' అయిన చోట, ఆ నార్మల్‌కు భయపడి కోత కోరుకునే ఆడవాళ్లను అజ్ఞానులనడం అన్యాయం. వాళ్లు చూసిన రెండు దారుల్లోనూ తమ చేతిలో ఏదీ లేదు. తక్కువ అవమానం ఎందులో ఉందో వాళ్లు లెక్క వేసుకుంటున్నారు. అరవై మంది తల్లులకు ఇద్దరు నర్సులున్న వార్డులో నర్సమ్మ కేకనూ ఈ లెక్కలోనే చదవాలి. ఆమెకు నిలబడి చూసే తీరికే ఇవ్వలేదు మనం.

విమర్శకులుగా మనం చెయ్యగలిగిందేమిటి? మన కథల్లో కాన్పు గది తలుపు అవతలే ఎందుకు ఆగిపోతున్నామో అడగవచ్చు. కేసు షీటును కూడా ఒక పాఠంగా, ఎవరో ఎవరి కోసమో రాసిన కథనంగా చదవవచ్చు. మన అమ్మల్నీ అవ్వల్నీ 'ఎంత నొప్పి పడ్డావు' అని మాత్రమే కాక, 'ఎట్లా కూర్చున్నావు, ఏం పట్టుకున్నావు, ఎదురుగా ఎవరున్నారు' అని అడిగి రాసిపెట్టవచ్చు. ఆ జవాబులు చెప్పగలవాళ్లు ఇంకా కొందరే మిగిలి ఉన్నారు.

నేను అడిగాను. ఏడో కాన్పులో బిడ్డ తల బయటికి రాగానే చెయ్యి కిందికి చాచి తానే తాకి చూసుకున్నానని చెప్పింది అవ్వ. "వంగి చూసుకున్న్యా, వాని కండ్లు తెరిచే ఉండె" అన్నది. ఆ బిడ్డ మా నాయన. కన్నది అనే మాటను రెండర్థాల్లోనూ ఒకేసారి వాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.