మరమ్మతు తర్వాత ఎక్కే ముల్లు

మరమ్మతు చేయించిన కారు మునుపటికన్నా ఎక్కువగా వేడెక్కుతున్నదంటే, లోపాన్ని ఇంజిన్ వయసులో కాక, మెకానిక్ చేయి పడిన చోటనే మొదట వెతకాలి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైన తరువాతి దశాబ్దాల్లో తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి స్థిరపడగా, అందులో పనిచేసే కార్మికులకు, జూనియర్ ఆర్టిస్టులకు నివాసమైన కృష్ణానగర్‌లో ఈ సూత్రం బతుకుతెరువుతో ముడిపడినది. షూటింగులకు అద్దెకు తిరిగే కారు ఇక్కడి ఇరుకు వీధుల్లో ఏసీతో ఆగుతూ కదిలి, ఆ వెంటనే జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కవలసి వస్తుంది గనుక, శీతలీకరణలోని ఏ లోపమూ ఎంతోసేపు దాగదు.

వేడి నిజమా, కాదా అన్నది మొదట తేల్చుకోవాలి; మరమ్మతులో మార్చిన ఉష్ణోగ్రత సెన్సర్ బండి మీటరుకు సరిపడనిదైతే ముల్లు తప్పు చూపుతుంది కాబట్టి, విడి థర్మామీటరుతో పోల్చి చూడాలి. వేడి నిజమే అయి, బండి ఆగినప్పుడు పెరిగి, వేగం అందుకోగానే తగ్గితే గాలి చాలడం లేదని అర్థం. వైర్లు తారుమారై ఫ్యాన్ ఎదురు తిరుగుతుండవచ్చు, లేదా గాలిని రేడియేటర్ గుండా లాగడానికి తోడ్పడే ప్లాస్టిక్ తొడుగును తిరిగి బిగించి ఉండకపోవచ్చు. వేగంలోనూ ఎత్తులోనూ పెరిగితే కూలెంట్ ప్రవాహాన్ని అనుమానించాలి.

సిలిండర్ హెడ్ దించి బిగించిన ఇంజిన్‌లో తరచూ కనిపించేది ఎయిర్ లాక్, అంటే కూలెంట్ తిరిగి నింపేటప్పుడు ఎత్తైన మలుపులో గాలి చిక్కుకుని ప్రవాహానికి అడ్డుపడటం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బండి ముందు భాగాన్ని కాస్త ఎత్తి, హీటరును పూర్తి వేడిమి వైపు తిప్పి, గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా కూలెంట్ పోయాలి. ఎంతకీ బుడగలు ఆగకపోతే, మండిన వాయువు హెడ్ గ్యాస్కెట్ దాటి కూలెంట్‌లోకి వస్తున్నదేమో చూడాలి. రేడియేటర్ మూతి వద్ద పట్టిన నీలి పరీక్షా ద్రవం పసుపు రంగుకు మారితే ఆ అనుమానం రుజువైనట్టే.

రేడియేటర్ మూతను కూడా చూడాలి; అది కేవలం మూత కాదు. అది సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలిపితే, 100 డిగ్రీల వద్ద మరగవలసిన నీరు 120 డిగ్రీల దాకా మరగదు. ఇవేవీ చూడకుండా, వేడిని బట్టి తెరుచుకునే కవాటమైన థర్మోస్టాట్‌ను తీసి పారేయడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా అదే కాబట్టి, దాన్ని తీసేస్తే కూలెంట్ కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగివచ్చి, వేడి మరింత పెరుగుతుంది.

అనుమానం వచ్చిన భాగాలన్నీ ఒకేసారి మార్చేస్తే లోపం ఎక్కడుందో తెలియకుండా పోతుంది, ఖర్చు మాత్రం రోజు కిరాయి మీద బతికే డ్రైవరు నెత్తిన పడుతుంది. అందుచేత మార్చిన సామాను ధరలతో పాటు, విప్పిన ప్రతి పైపును, కలిపిన కూలెంట్ పాళ్లను కూడా బిల్లులో రాసి ఇవ్వడం ప్రతి షెడ్డులో నియమం కావాలి. తరువాత బండిని చూసే మెకానిక్‌కు వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.