ఒగ్గు మోగనిదే మల్లన్న పెళ్లి లేదు

మల్లన్నకు ఇద్దరు భార్యలు. ఒకవైపు బలిజ మేడలమ్మ, మరోవైపు గొల్ల కేతమ్మ. కొమురవెల్లి గుడిలో పుట్టమన్నుతో చేసిన స్వామి పక్కన ఇద్దరూ కనిపిస్తారు. ఈ పెళ్లిళ్లు ఎట్లా కుదిరాయి, ఎవరు అడ్డం తిరిగారు, ఎవరు అలిగారు అన్న సంగతులన్నీ జనగామ చుట్టుపక్కల పల్లెలకు ఒగ్గువాళ్ల నోటనే తెలిశాయి. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కొమురవెల్లి సిద్దిపేటలోకి పోయింది గానీ, జనగామ వైపు ఒగ్గు ఇళ్లకు అది ఇప్పటికీ సొంత గుడే.

ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే డమరుకం లాంటి చిన్న వాద్యం. దాన్ని పట్టేది కురుమ, గొల్ల కులాల్లోని ఒగ్గు పూజారులు. దీక్ష తీసుకుని ఏడు గవ్వల దండ మెడలో వేసుకున్నాకే ఆ పని చేయాలని సంప్రదాయం. ఇంట్లో మల్లన్న పెళ్లి చేసుకున్నా, ఊళ్లో కురుమల దేవుడు బీరప్ప పండుగ చేసుకున్నా పిలుపు వాళ్లకే. పూజ చేసేది ఒగ్గు పూజారే, కథ చెప్పేదీ ఆయనే. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండటం వల్లనే ఒగ్గు కథను వట్టి వినోదమని తీసిపారేయడం కుదరదు.

ముందు పట్నం వేయాలి. అలికిన నేల మీద పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి, నల్లపొడి, ఇట్లా అయిదు రంగులతో గడులు గడులుగా పెద్ద ముగ్గు పరుస్తారు. వేళ్ల సందు నుంచి పొడి సన్నగా, ఒకే తీరున జారాలి. చెయ్యి వణికితే గీత లావవుతుంది. డోలు మోగుతుంటే, పాట నడుస్తుంటే వేస్తారు కాబట్టి చేతికి ఆ దరువే కొలత. ఇంటి ముంగిట చిన్న పట్నం సరిపోతుంది. కొమురవెల్లిలో మహాశివరాత్రి నాడు వేసే పెద్దపట్నం సంగతి వేరు, ఎంతోమంది పూజారులు కూర్చుంటే తప్ప తెమలదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా అక్కడ జాతర సాగుతుంది. ఆ రోజుల్లో గుడి చుట్టూ ఎటు చూసినా పసుపే. అక్కడ దాన్ని బండారి అంటారు.

ఇక కథ. ప్రధాన కథకుడు ఒకరు, వంతలు పాడేవారు ఒకరో ఇద్దరో, డోలు, తాళాలు వాయించేవాళ్లు, అప్పుడప్పుడు నపీర ఊదేవాళ్లు. కథకుడి కాళ్లకు గజ్జెలు, తలకు రుమాలు, భుజం మీద కండువా. వచనంలో మొదలుపెట్టి, మాట వేగం పెంచుకుంటూ పోయి, ఎక్కడ పాటలోకి దిగాడో మనకు తెలియనీయడు. పాట చివరి ముక్కను వంత అందుకుంటాడు. ఆ కాస్త వ్యవధిలో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం తలుచుకుంటాడు, జనాన్ని ఒకసారి కలియజూస్తాడు. తెర ఉండదు, వేషం మార్చుకోవడానికి చోటూ ఉండదు. కండువా నెత్తిన వేసుకుంటే మేడలమ్మ, నడుముకు బిగిస్తే మల్లన్న. ఒకే గొంతులో అత్త పోరు, కోడలి ఏడుపు, గొర్రెల కాపరి గద్దింపు రావాలి. యుద్ధం వస్తే డోలు మాట కంటే ముందు ఉరుకుతుంది. ఎల్లమ్మ కథలో ఆమె కష్టాల దగ్గర డోలు పూర్తిగా ఆగిపోయి, తాళం ఒక్కటే మిగులుతుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే మంచి డోలు కళాకారుడని నా లెక్క.

చూసేవాళ్లు తక్కువగా పట్టించుకునేది వంతను. నిజానికి సగం కథ అతని మీదే నడుస్తుంది. “అయితే ఆ పిల్ల ఏమన్నది?” అని మన తరఫున అడిగేది అతనే. తెలియనట్టు నటిస్తాడు, తప్పుగా అర్థం చేసుకుంటాడు, కథకుడితో తిట్లు తింటాడు, నవ్విస్తాడు. రాత్రి రెండో జాము దాటి ముసలాళ్లు కునికిపాట్లు పడుతున్నారని కనిపెట్టి పిట్టకథ ఒకటి దింపేదీ అతనే. ఆ పిట్టకథలో ఊరి పేరు ఉంటుంది, పండుగ చేస్తున్న ఇంటాయన పేరుంటుంది, మొన్న ఎండిన చెరువు ఉంటుంది. అందుకే ఒకే మల్లన్న కథ రెండు ఊళ్లలో ఒకే తీరుగా ఉండదు. బీరప్ప కథయితే కొన్ని రోజుల పాటు సాగి, కామరాతితో పెళ్లి దాకా పోతుంది. విన్నవాళ్లే పెళ్లిపెద్దలవుతారు.

ఈ కథను పందిరి కింద నుంచి రేడియోకు, వేదిక మీదికి తెచ్చిన వాళ్లలో ముందు చెప్పుకోవలసింది చుక్క సత్తయ్యను. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం ఆయన ఊరు. మల్లన్న, ఎల్లమ్మ కథలతో ఆగకుండా సత్యహరిశ్చంద్ర, మాంధాత వంటి కథలనూ ఒగ్గు బాణీలోకి దించి, కులం గుమ్మం దాటించి అందరికీ వినిపించారు. 2004 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2017 నవంబరులో కన్నుమూశారు. వేములవాడ వైపు ఒగ్గు కథకుడు మిద్దె రాములుది ఇట్లాంటి పేరే, బాణీ వేరు.

ఒగ్గు కథలకు అవతల కూడా, మనుషులు దేవుళ్లయ్యే కథలకు ఈ ప్రాంతంలో కరువు లేదు. జనగామ నుంచి తూర్పుకు పోయేకొద్దీ గొర్రెల మందలు తగ్గి అడవి మొదలవుతుంది, కథా మారుతుంది. 2019లో ములుగు విడిపోయేదాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న మేడారంలో కాకతీయులతో పోరాడిన సమ్మక్క కొలువు. ఆమె భర్త పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి జాతరకు తరలివస్తాడు. మేడారంలో విగ్రహం లేదు, కుంకుమ భరిణె ఉంది. కోయలు తమ వంశాల కథలను డోలీ మోతతో, బొమ్మలున్న పడిగెల సాక్షిగా పాడుకుంటారు. మనిషి దేవుడవడం ఇక్కడి ముచ్చటే కాదు. చైనాలోనూ క్రీ.శ. 220 ప్రాంతంలో శత్రువులకు చిక్కి ప్రాణం పోగొట్టుకున్న సేనాని గువాన్ యూ, తర్వాతి శతాబ్దాల్లో గుడి కట్టించుకున్న దేవుడయ్యాడు. అతని కథ ఉన్న మూడు రాజ్యాల కాలం నవలగా కుదురుకోకముందే అంగళ్లలో కథకులు ఆ కథలు చెప్పేవాళ్లు. ఉత్తర చైనాలో పింగ్‌షు అనే తీరులో కథలు చెప్పేవాళ్లు ఇప్పటికీ చిన్న చెక్కముక్కతో బల్ల మీద కొట్టి జనాన్ని తమవైపు తిప్పుకుంటారు. చెక్క అయితేనేం, ఒగ్గు అయితేనేం, చేసే పని ఒక్కటే.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఒగ్గుడోలు. మంత్రుల స్వాగతాలకు, ఊరేగింపులకు, ప్రభుత్వ ఉత్సవాలకు డోళ్లు కట్టుకున్న కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడి వాయిస్తున్నారు. కంటికి ఇంపుగా ఉంది, వాళ్లకు నాలుగు పైసలు వస్తున్నాయి, అందులో తప్పు పట్టవలసింది లేదు. కాని పది నిమిషాల దరువులో మేడలమ్మ లేదు, వంత లేడు, పిట్టకథ అసలే లేదు. డోలు నేర్చినవాడు ఏడాదిలో గుంపులో కలిసిపోగలడు. రాత్రంతా నిలబెట్టే కథ నోటికి రావాలంటే గురువు వెంట ఏళ్లు తిరగాలి. అన్నేళ్లు తిరిగినవాడికి ఊరేగింపులో చోటు దొరకదు. డోలు బతికింది కదా అని ఒగ్గు కథ బతికిందనుకోవడం పొరపాటు.

సాంస్కృతిక శాఖ, విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని పెద్ద కష్టమైనదేమీ కాదు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఇంకా పూర్తిగా చెప్పగలిగిన పెద్దల దగ్గర, వేదిక మీద కాకుండా పండుగ ఇంట్లోనే, పట్నం వేయడం నుంచి చివరి మంగళహారతి దాకా రికార్డు చేయాలి. పక్కన కూర్చుని నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్లకు నెల జీతం ఇవ్వాలి. ఈ సంక్రాంతి తర్వాత కొమురవెల్లికి పోయేవాళ్లు దర్శనం కాగానే బస్సెక్కకండి. పట్నం వేయించే కుటుంబం ఏదో ఒకటి కనబడుతుంది, అడిగి ఆ పక్కన కూర్చోండి. అడ్డం చెప్పేవాళ్లెవరూ ఉండరు.