కనిష్ఠ విలువ: యంత్రం చెప్పినదెంత, చెప్పనిదెంత?

ఫలక్‌నుమా అనగా ఆకాశానికి దర్పణము. కొండమీది ఆ భవనానికి పేరు అందంగానే కుదిరింది గాని, ఆకాశాన్ని నిజంగా గాజు పలకల కెక్కించిన సంస్థ పుట్టినది ఆ కొండకు అట్టే దూరం లేని ఫిసల్‌బండలో. 1901లో నవాబు జఫర్ జంగ్ అక్కడ నెలకొల్పిన వేధశాలయే తరువాత బేగంపేటకు తరలి నిజామియా వేధశాలగా ప్రసిద్ధి కెక్కింది. అంతర్జాతీయ నక్షత్ర పట పథకంలో దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగం దాని వంతు.

పలకపై నక్షత్రం కనబడే చోటుకు, ఆకాశంలో దాని స్థానానికి ముడి వేయాలంటే కొన్ని స్థిరాంకాలు కావాలి. స్థానం ముందే తెలిసిన నక్షత్రాలను ఆధారం చేసుకొని, కొలతకు లెక్కకు గల భేదాల వర్గముల మొత్తం అతి తక్కువ అయ్యేటట్లు వాటిని ఎన్నుకుంటారు. ఇదే కనిష్ఠ వర్గముల పద్ధతి. ఒక పొడవును మూడుసార్లు కొలువగా 10.2, 10.4, 10.9 వచ్చినవనుకొందాము. నిజమైన పొడవును 'చ' అంటే, భేదాల వర్గముల మొత్తం 3(చ − 10.5)² + 0.26 అవుతుంది. చ = 10.5 వద్ద ఇది కనిష్ఠం. మనం రోజూ వాడే సగటే అది! ఈ ప్రమేయానికి పళ్ళెం వలె ఒకటే అడుగు. ఎక్కడ నుండి దిగినా అక్కడికే చేరుతాము.

ఇప్పుడు బడులలోకి వచ్చిన జియోజీబ్రాను ఈ దృష్టితో పరీక్షించవలసి ఉన్నది. సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆరంభించిన ఈ సాధనం బొమ్మను, సమీకరణాన్ని పక్కపక్కనే చూపుతుంది.  అందుకు మెచ్చుకోవలసినదే. చిక్కంతా దాని 'మిన్' అనే ఆజ్ఞలో ఉన్నది. ప్రమేయాన్ని, రెండు హద్దులను ఇస్తే అది ఒక బిందువును చూపి ఊరుకుంటుంది.

చ⁴ − 8చ² + 3చ అనే ప్రమేయాన్ని చూడండి. దీనికి రెండు లోయలు. చ = 1.90 దగ్గర విలువ సుమారు −10.15; చ = −2.09 దగ్గర సుమారు −22.13. కుడి లోయలో దిగినవాడికి చుట్టూ ఎటు చూసినా ఎత్తే కనబడుతుంది, ఎడమ లోయ సంగతి తెలియదు. హద్దుల నడుమ ఒకే స్థానిక కనిష్ఠం ఉండాలని ఆజ్ఞ వివరణలోనే వ్రాసి ఉన్నది. కాని ఆ నియమం తప్పినప్పుడు విద్యార్థిని హెచ్చరించేదెవరు? బహుపదులకు 'ఎక్స్‌ట్రీమం' అనే మరొక ఆజ్ఞ స్థానిక కనిష్ఠ గరిష్ఠాలన్నిటిని చూపుతుంది. తరగతిలో మొదట నేర్పవలసినది దానిని.

మరొక లోపం సూక్ష్మమైనది. అడుగున వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. పై పొడవు లెక్కలో చ ను 0.0001 జరిపితే మొత్తం 0.00000003 మాత్రమే పెరుగుతుంది. కనుక కనిష్ఠ విలువ ఎన్ని దశాంశాల వరకు నమ్మదగినదో, అది ఉన్న చోటు అన్ని దశాంశాల వరకు నమ్మదగినది కాదు. మామూలుగా రెండు దశాంశాలతో ఆగే తెర, రెండింటిని ఒకే ధీమాతో చూపుతుంది.